కోపిష్ఠి దేవుడికి ఆతిథ్యం

జపాన్ ప్రధాన ద్వీపపు పడమటి ఒడ్డున, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల నోటో ద్వీపకల్పం. దాని తూర్పు తీరాన ఉషిత్సు అనే చేపల రేవు ఉంది. ఏటా జూలైలో మొదటి శుక్ర, శనివారాల్లో అక్కడ జరిగే జాతర పేరు అబారె మత్సురి. వీరంగపు జాతర అని మన మాటల్లో చెప్పుకోవచ్చు. మొదటి రాత్రి దీపాలది. కిరికో అని పిలిచే దీపపు గోపురాలను ఊళ్ళోని పేటల నుంచి జనం భుజాల మీద మోసుకొస్తారు. నిలువుగా, దాదాపు 7 మీటర్ల ఎత్తున ఉండే చెక్క చట్రం, చుట్టూ కాగితం, ముందువైపు బారెడేసి అక్షరాలు, వెనక బొమ్మ, లోపల దీపం. కింద అరుగులాంటి చోట పిల్లలు కూర్చుని డోలూ గంటా వాయిస్తుంటారు. అలాంటివి సుమారు 40 రేవు పక్కన చేరేసరికి అక్కడ అంతే ఎత్తున కాగడాలు మండుతుంటాయి. ఎండుకొమ్మల మోపులు పెళపెళమంటూ నిప్పురవ్వలు రాలుస్తుంటే కాగితపు గోపురాలు ఆ రవ్వల కిందే గిరగిర తిరుగుతాయి. మోసేవాళ్ళ జుట్టు మీదా బట్టల మీదా నిప్పు పడుతూనే ఉంటుంది. రెండో రాత్రి ఇంతకన్నా ఉధృతం. దేవుడు వేంచేసే రెండు చెక్క పల్లకీలను, అక్కడివాళ్ళు మికోషి అనేవాటిని, మోసేవాళ్ళే సముద్రంలోకి విసురుతారు. పైకి లాగి నేలకేసి కొడతారు. ఏట్లో పడేస్తారు. మంటల్లోకి నెడతారు. రాత్రి బాగా పొద్దుపోయాక ఊళ్ళోని యసకా గుడి చేరేసరికి ఆ పల్లకీలు విరిగి, మసిబారి, నీళ్ళోడుతూ ఉంటాయి. అప్పుడు గానీ దేవుడు గుడిలో అడుగుపెట్టడు.

దేవుడు కూర్చున్న పల్లకిని నీళ్ళలో పారేయడం, నిప్పుల్లో కాల్చడం పూజ ఎలా అవుతుంది? పూజ అనగానే మనకు తోచేది శుచి, శాంతం, భయభక్తులు. విగ్రహానికి చిన్న పగులు వస్తేనే పూజకు పనికిరాదంటాం. అలాంటిది ఇక్కడ పగలగొట్టడమే సేవ. ఎంత గట్టిగా కొడితే దేవుడికి అంత సంతోషమని ఊరివాళ్ళు చెబుతారు. ఈ మాటను పల్లెటూరి వేడుక మాటగా కొట్టిపారేయడం తేలిక. నా దృష్టిలో మాత్రం మతాలన్నిటినీ వేధించే ఒక పెద్ద ప్రశ్నకు ఉషిత్సు రేవు తన చేతలతో చెబుతున్న జవాబు అది. దేవుడు మంచివాడే అయితీరాలా? ఆయన మంచితనానికి హామీ దొరికితేనే మనిషి చేతులు జోడించాలా? అక్కర్లేదని ఈ జాతర అంటోంది. ఆ జవాబు మూఢనమ్మకమూ కాదు, లొంగుబాటూ కాదు. బాగా ఆలోచిస్తే నిలబడగలిగేదే. అదెలాగో చూడాలంటే ముందు ఈ దేవుడెవరో తెలియాలి.

జాతర పుట్టుకకు చెప్పే కాలం కన్‌బున్ శకం, అంటే 1661 నుంచి 1673 దాకా. ఊళ్ళో మహమ్మారి పడింది. జనం క్యోటోలోని గియోన్ గుడి నుంచి గోజు తెన్నో అనే దేవుణ్ణి పిలిపించుకుని పెద్ద క్రతువు చేశారు. ఆ దేవుడు కందిరీగ రూపంలో వచ్చి రోగులను కుట్టాడు. కుట్టించుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆ సంతోషంలో కిరికోలు మోసుకుంటూ గుడికి వెళ్ళడంతో జాతర మొదలైందని కథ. ఇందులో నన్ను పట్టి ఆపేది ఆ కుట్టడం. మందు తెచ్చిన దేవుడి కథలు లోకంలో ఎన్నో ఉన్నాయి. తల మీద చెయ్యి వేసి నయం చేసినవాళ్ళ కథలూ ఉన్నాయి. ఇక్కడ నయం చేసింది ముల్లు. నొప్పి పుట్టించేదీ నొప్పి తీసేదీ ఒకే చెయ్యి అన్నది ఈ జాతరకు మొదటి మెట్టు. తర్వాతవన్నీ దాని మీద లేచినవే.

గోజు తెన్నో, అంటే ఎద్దుతల దేవరాజు, అంటువ్యాధుల దేవుడు. క్యోటో గియోన్ పండుగ మూలాలు 869లో మహమ్మారిని శాంతింపజేయడానికి 66 బల్లేలు నిలిపి చేసిన క్రతువులో ఉన్నాయి. తర్వాతి కాలంలో ఆ గుడి దేవుడు గోజు తెన్నోయే. జపాన్ బౌద్ధ సంప్రదాయం ఆయన్ను జేతవనానికి కావలి దేవుడిగా చెప్పింది. శ్రావస్తిలో అనాథపిండికుడు బుద్ధుడి కోసం నేలంతా బంగారు నాణేలు పరిచి కొన్న తోట జేతవనం. గియోన్ అన్న పేరు ఆ విహారాన్ని తలచుకుని పెట్టినదే. అలా మన నేలలోని ఒక తోట పేరు పట్టుకుని ఒక రోగాల దేవుడు చేపల రేవు దాకా వెళ్ళాడు. 1868లో మెయిజీ ప్రభుత్వం షింటోనూ బౌద్ధాన్నీ విడదీస్తూ, గోజు తెన్నో వంటి బౌద్ధపు వాసన ఉన్న పేర్లు గుళ్ళలో వాడకూడదని ఆజ్ఞ వేసింది. గియోన్ గుడి యసకా గుడి అయింది. దేవుడి పేరు సుసానోవో అయింది. రాజాజ్ఞతో పేరైతే మారింది గానీ స్వభావం మారలేదు. ఎందుకంటే సుసానోవో కూడా అలాంటివాడే. 712 నాటి ‘కొజికి’ గ్రంథం ప్రకారం అతని ఏడుపుకు పచ్చని కొండలు ఎండిపోయాయి, నదులూ సముద్రాలూ ఇంకిపోయాయి. అక్క అమతెరాసు పొలాల గట్లు తెగగొట్టాడు, కాలువలు పూడ్చాడు, చర్మం ఒలిచిన గుర్రాన్ని నేతసాల పైకప్పు చీల్చి లోపలికి విసిరాడు. సూర్యదేవత అయిన ఆ అక్క కొండగుహలో దాక్కుంటే లోకం చీకటైంది. స్వర్గం నుంచి వెళ్ళగొట్టాక అతనే ఇజుమో దేశంలో ఎనిమిది తలల పామును చంపి ఒక పిల్లను కాపాడాడు. గట్లు తెంచినవాడే గండం గట్టెక్కించాడు. ఈ రెండు పనులనూ కలిపి అర్థం చెప్పే నీతివాక్యం ‘కొజికి’లో ఎక్కడా లేదు. ఉంటే బాగుండేదని కూడా నాకు అనిపించదు.

ఈ దేవుడి గురించిన మరో కథ ఇంకా ముఖ్యం. ప్రాచీన బింగో ప్రాంతపు స్థలవృత్తాంతంలోది. ఆ గ్రంథం పోయినా ఈ ముక్క ఇతర చోట్ల మిగిలింది. దూరప్రయాణంలో ఉన్న ఒక దేవుడికి పొద్దుగూకింది. కోతన్ షోరై అనే ధనవంతుణ్ణి ఆశ్రయం అడిగితే లేదు పొమ్మన్నాడు. అతని అన్న సోమిన్ షోరై పేదవాడు. గడ్డి పరిచి కూర్చోబెట్టాడు, ఉన్న చిరుధాన్యం వండి పెట్టాడు. ఏళ్ళు గడిచాక ఆ దేవుడు మళ్ళీ వచ్చి, రెల్లుతో కట్టిన చుట్టను నడుముకు కట్టుకోమని సోమిన్ ఇంటివాళ్ళకు చెప్పాడు. ఆ రాత్రే మిగిలినవాళ్ళందరినీ హతం చేశాడు. తాను సుసానోవోనని, ఇకముందు అంటువ్యాధి వచ్చినప్పుడు సోమిన్ సంతతివాళ్ళమని చెప్పుకున్నవాళ్ళకు ఆపద ఉండదని మాటిచ్చాడు. ఇవాళ్టికీ క్యోటో గియోన్ పండుగలో ఇంటి గుమ్మానికి కట్టుకోవడానికి ఇచ్చే గడ్డి కట్టల మీద తాము సోమిన్ సంతతివాళ్ళమని రాసి ఉంటుంది. ఇక్కడ మనిషి దేవుడికి ఇచ్చింది పూజ కాదు, రాత్రి పడకా ఇంత అన్నమూ. ఉషిత్సులోనే కాదు, నోటోలోని కిరికో జాతరల్లో యొబారె అనే ఆచారం ఉంది. ఆ పూట ప్రతి ఇల్లూ చుట్టాలనూ స్నేహితులనూ పనిలో తెలిసినవాళ్ళనూ పిలిచి విందు పెడుతుంది. వీధిలో దేవుడు వీరంగం వేస్తుంటే ఇంట్లో విస్తళ్ళు నడుస్తుంటాయి. ఈ రెండిటినీ విడదీసి చూడటం వల్లే జాతర మనకు అర్థం కాకుండా పోతోంది. దేవుడూ ఆ రోజు అతిథే. అతిథి మెత్తనివాడైతే మెత్తగా, మొరటువాడైతే మొరటుగా అతనికి నచ్చిన తీరులో మర్యాద చెయ్యడం ఆతిథ్య ధర్మం. సుసానోవోను పట్టుపరుపు మీద కదలకుండా కూర్చోబెడితే అది మర్యాద కాదు, అతనెవరో ఎరగనట్టు నటించడం. నీళ్ళలో ఎగిరిపడే పల్లకిలో, రవ్వల్లో చిట్లే చెక్కలో అతను తన స్వభావంతో తాను ఉండటానికి ఊరు రెండు రాత్రులు చోటిస్తోంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం: దేవుడు మంచివాడే అయితీరాలా? 1755 నవంబరు 1న, క్రైస్తవులకు సర్వపునీతుల పండుగ రోజున, లిస్బన్‌లో భూకంపం వచ్చింది. జనం చర్చీల్లో ఉన్న వేళ. బలిపీఠాల మీద వెలుగుతున్న కొవ్వొత్తులు కూలి నగరానికి నిప్పంటుకుంది. వెనకే సముద్రం ముంచుకొచ్చింది. మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయిన దేవుడు తన పండుగనాడే ఇదెలా చేశాడని యూరప్ దశాబ్దాలపాటు తల పట్టుకుంది. గాబ్రియేల్ మలగ్రీడా అనే జెస్విట్ మతాచార్యుడు మాత్రం తడుముకోలేదు. ఇది లిస్బన్ పాపాలకు దేవుడి శిక్షేనని మరుసటి ఏడు ఒక పుస్తకం అచ్చు వేయించాడు. మన దగ్గరా ఇదే జరిగింది. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చినప్పుడు, అది అంటరానితనమనే పాపానికి శిక్ష అని గాంధీజీ అన్నారు. ఠాగూర్ బాధపడి బహిరంగంగా కాదన్నారు. ప్రకృతి ఉత్పాతాలకు భౌతిక కారణాలే ఉంటాయని, వాటికి నీతిని ముడిపెడితే ఎదుటి పక్షం కూడా అదే ఉత్పాతాన్ని తమ వాదానికి వాడుకోగలదని ఆయన అభ్యంతరం. గాంధీజీ ఉద్దేశం గొప్పది. అంటరానితనం పాపమే, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్కం కూలిన మట్టిగోడల కింద నలిగినవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏం చెబుతుంది? వాళ్ళలో ఆ పాపం మోసినవాళ్ళూ ఉన్నారు, ఆ పాపానికి బలైనవాళ్ళూ ఉన్నారు. దేవుడి మంచితనాన్ని ఎలాగైనా కాపాడాలనుకుంటే చచ్చినవాళ్ళ మీద నేరం మోపక తప్పదు. మలగ్రీడా, గాంధీజీ ఒక గాటన కట్టాల్సిన మనుషులు కారు. అయినా ఇద్దరినీ అక్కడికి తోసింది దేవుడు మంచివాడేనన్న మొండి ఆశ. జపాన్ కూడా దీనికి అతీతం కాదు. 2011 సునామీ తర్వాత అప్పటి టోక్యో గవర్నర్ షింతారో ఇషిహారా అది దైవశిక్ష అన్నారు; విమర్శలు రావడంతో క్షమాపణ చెప్పారు.

లిస్బన్ కూలిన ఏడు జపాన్‌లో మొతోఒరి నోరినాగాకు పాతికేళ్ళు. తర్వాత మత్సుసకా పట్నంలో వైద్యం చేస్తూ, 30 ఏళ్ళకు పైగా కూర్చుని ‘కొజికి’కి వ్యాఖ్యానం రాసి 1798లో ముగించాడు. దేవత అంటే ఏమిటన్న దానికి ఆయనిచ్చిన నిర్వచనంలో మంచితనం షరతు కాదు. మామూలును మించినది, చూస్తే ఒళ్ళు జలదరించేది, మంచిదైనా చెడ్డదైనా సరే, దైవమే. మంచివాడికి మేలు, చెడ్డవాడికి కీడు జరుగుతుందన్న చైనా పండితుల మాటను ఆయన ఒప్పుకోలేదు. లోకంలో మంచివాళ్ళు బాధపడటం, దుర్మార్గులు సుఖపడటం కళ్ళెదుటే కనిపిస్తోంది కదా అన్నాడు. కీడు తెచ్చే దేవతలు ఉన్నారు, వాళ్ళ పని అది. చావు వస్తే దుఃఖమే. దాన్ని దుఃఖం కాదని నచ్చజెప్పే సిద్ధాంతాలన్నీ కల్లబొల్లి మాటలే. ఈయన ఆలోచనలో నేను ఒప్పుకోలేనివి ఉన్నాయి. జపాన్ తక్కిన దేశాల కన్నా పవిత్రమన్న ఆయన గర్వాన్ని తర్వాతి తరాలు యుద్ధాలకు వాడుకున్నాయి. కానీ కష్టం ముందు నిలబడ్డ మనిషికి అబద్ధపు ఊరట ఇవ్వకూడదన్న పట్టుదల విషయంలో ఆయన మలగ్రీడా కన్నా ఎన్నో రెట్లు దయగలవాడు. శిశువు చచ్చిపోతే తల్లికి ఆయన చెప్పగలిగేది ఒక్కటే: ఏడువమ్మా, ఇది ఏడవాల్సిందే. దేవుడి గౌరవం కోసం ఆమె కన్నీళ్ళకు లెక్కలు కట్టడు.

తెలుగువాళ్ళకు ఇది పరాయి భావన కాదు. శివాలయంలో అభిషేకం వేళ వినిపించే నమకం ఆరంభంలోనే రుద్రుడి కోపానికి, ఆయన బాణానికి నమస్కారం ఉంది. ఆ కోపం మా మీద పడనీయకు అన్న వేడుకోలు తర్వాత ఆయన్నే తొలి వైద్యుడంటుంది. మశూచి పోస్తే అమ్మవారు పోసిందన్నవాళ్ళం మనం. రోగమూ ఆమెదే, చల్లదనమూ ఆమెదే అనుకునే గ్రామదేవత కొలుపులు ఇంకా మన ఊళ్ళలో ఉన్నాయి. చదువుకున్నకొద్దీ అలాంటి దేవతలను నాజూకు పరచాలన్న తపన మనలో పెరిగింది. భయంకరమైనదంతా కేవలం లీల, ప్రతీక అని సర్దుకుంటున్నాం. ఈ సర్దుబాటులో పోగొట్టుకున్నది ఏమిటో ఉషిత్సు చూపిస్తోంది.

దీనికి ఎదురు వచ్చే వాదనల్లో మొదటిది, ఇదంతా మందు తాగిన కుర్రకారు కోలాహలం, దానికి దేవుడి పేరు తగిలించారు అన్నది. మానవశాస్త్రంలో దీనికి మర్యాదైన రూపం ఉంది. మాక్స్ గ్లక్‌మన్ 1954లో ఆఫ్రికా సమాజాల గురించి రాస్తూ, కొన్ని క్రతువుల్లో కట్టుబాట్లను ఒక రోజు తలకిందులు చెయ్యనివ్వడం వల్ల మిగతా ఏడాదంతా అవి గట్టిపడతాయని వాదించాడు. అణిగిమణిగి బతికే జపాన్ పల్లెకు ఏడాదికి రెండు రాత్రుల విడుపు అని ఇదే సూత్రాన్ని ఇక్కడ అన్వయించవచ్చు. సారాయి తాగరనీ, కుర్రతనపు జోరు లేదనీ నేను అనను. కానీ ఆ సిద్ధాంతం ఒక సంగతి వివరించలేదు. కసి తీర్చుకోవడమే పని అయితే దెబ్బలు తినాల్సింది పెద్దమనిషి ఇల్లో, పన్నుల కచేరీయో. ఇక్కడ దెబ్బలు తింటున్నవి దేవుడి పల్లకీలు మాత్రమే. అదీ ఇష్టారాజ్యంగా కాదు. ముందు ఫలానా చోట, తర్వాత ఫలానా చోట అని వరస ఉంది. కొట్టేవాళ్ళే మోసేవాళ్ళు. సముద్రంలో పడేసిన దాన్ని గుండెల్లోతు నీళ్ళలోకి దిగి మళ్ళీ భుజానికెత్తుకోవాల్సింది వాళ్ళే. మంటకు అందరికన్నా దగ్గరగా ఉండేదీ వాళ్ళే. విరిగినదాన్ని వచ్చే ఏటికి మళ్ళీ సిద్ధం చేసుకోవాల్సిందీ ఆ ఊరే. తన ఒళ్ళు కాల్చుకుంటూ, తన సొమ్ముతో బాగుచేసుకుంటూ కసి తీర్చుకునేవాళ్ళను నేను ఎరగను.

రెండో వాదన ఇంకొంచెం పదునైనది. అక్కడి మనుషులను అడిగితే నోరినాగా పేరు ఎత్తరు; దేవుడి మంచిచెడ్డల మీద చర్చ పెట్టరు; చాలామంది తమకు మతమే లేదంటారు. వాళ్ళ మనసులో లేని తత్త్వాన్ని వాళ్ళ భుజాల మీద ఎందుకు పెడుతున్నావని అడగవచ్చు. దీనికి నా సమాధానం: నమ్మకం అనేది నోటితో ఒప్పుకునే వాక్యాల్లో మాత్రమే ఉంటుందనుకోవడం కొన్ని మతాల అలవాటు; దాన్ని అందరికీ కొలబద్ద చెయ్యకూడదు. చేతల్లో కూడా ఒక నిలకడైన అభిప్రాయం ఉండగలదు. అది నిజంగా ఉందా, నేను కల్పిస్తున్నానా అని పరీక్షించే వీలు 2020లో వచ్చింది. కోవిడ్ వచ్చినప్పుడు నోటోలో కిరికో జాతరలు చాలా చోట్ల ఆగిపోయాయి. మహమ్మారిని తరమడానికి పుట్టిన జాతరను మహమ్మారి భయంతో ఆపేస్తారా అని ఎగతాళి చేయవచ్చు. నేను దాన్ని వేరుగా చూస్తాను. ఈ క్రతువు మందుకు పోటీ అని వాళ్ళెప్పుడూ అనుకోలేదనడానికి అంతకన్నా రుజువు ఏముంది? దేవుడు రక్షిస్తాడు గనక గుమిగూడదాం అన్నవాళ్ళు లోకంలో చాలా చోట్ల కనిపించారు. ఇక్కడి దేవుడి దగ్గర అలాంటి హామీ ఎప్పుడూ లేదు. అందుకే ఆగగలిగారు, ఆగి మళ్ళీ మొదలుపెట్టగలిగారు. ఠాగూర్ చెప్పిన భౌతిక కారణాలను ఈ జాతర కాదనదు. వైరస్ సంగతి వైద్యులది, భూఫలకాల సంగతి భూగర్భ శాస్త్రవేత్తలది. కారణం తెలిసిన తర్వాత కూడా చేపలవాళ్ళు అదే సముద్రం మీదికి వెళ్ళాలి. తమను ముంచగల దానితోనే తమ బతుకు ముడిపడి ఉంది. దానితో ఎలా నడుచుకోవాలన్నది శాస్త్రం చెప్పే విషయం కాదని ఠాగూర్ కూడా ఒప్పుకునేవాడేమో.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం నీతికి సంబంధించినది. మంచితనం లేని దేవుడికి మొక్కడమంటే బలానికి మొక్కడమే కదా. సోమిన్ కథనే చూడండి: అన్నం పెట్టినవాణ్ణి వదిలి, పెట్టనివాణ్ణి చంపే దేవుడికీ దారికాచి సుంకం పిండే గూండాకూ తేడా ఏమిటి? నిజాయితీగా చెప్పాలంటే ఈ ప్రశ్నకు పూర్తి జవాబు లేదు. కోతన్ చేసిన తప్పుకు పడ్డ శిక్ష ఎక్కువ. పైగా శిక్ష అతని ఒక్కడి మీదే పడలేదు. కథ ఆ అన్యాయాన్ని దాచదు, సమర్థించనూ సమర్థించదు. అయితే కథలోని వరస గమనించాలి. సోమిన్ తలుపు తీసిన రాత్రి వచ్చినవాడు దేవుడని అతనికి తెలియదు. బెదిరింపు లేదు, వరం లేదు. దారిన పోయే బాటసారి, అలసిపోయాడు, అంతే. దేవుడి కోపం గురించి వినకముందే సోమిన్ మంచిపని చేశాడు. అంటే ఈ కథలో మంచితనం దేవుడి దగ్గర నుంచి రాలేదు. మనిషి దగ్గరే పుట్టింది. దేవుడు మంచివాడు గనక మనమూ మంచిగా ఉండాలి అనే మతాల్లో, దేవుడి మంచితనం మీద అనుమానం వచ్చిన రోజున మనిషి నీతికి కూడా పునాది కదులుతుంది. లిస్బన్ తర్వాత యూరప్‌ను అంతగా కలవరపెట్టింది ఆ భయమే. ఇక్కడ ఆ ప్రమాదం లేదు. దేవుడు గట్లు తెగగొడతాడు, ఊరు గట్లు వేస్తుంది. దేవుడు వీధిలో విరుచుకుపడతాడు, ఇల్లు పొరుగువాడికి వడ్డిస్తుంది. కరుణ మనుషుల బాధ్యత అని పంచేసుకున్నాక దేవుణ్ణి తన స్వభావంతో ఉండనివ్వవచ్చు. సూర్యదేవత కొలువైన ఇసే మహాక్షేత్రంలో కూడా ఆమె ఉగ్ర అంశకు అరమత్సురి అని విడిగా గుడి ఉంది. అంత చల్లని తల్లికీ ఉగ్రరూపం ఉందని ఒప్పుకుని, దానికీ ఇల్లు కట్టి, నైవేద్యం పెడుతున్నారు. బలానికి మోకరిల్లేవాడు ఆ బలం మంచిదేనని తనను తాను నమ్మించుకుంటాడు. అలా నమ్మించుకోకుండా ఎదురుగా నిలబడి మర్యాద చెయ్యడం వేరు. అందులో భయం ఉంటుంది గానీ పొగడ్త ఉండదు.

ఈ మాటలన్నిటికీ పరీక్ష 2024 జనవరి 1న వచ్చింది. కొత్త సంవత్సరం మొదటి రోజు, పట్నాల నుంచి పిల్లలు ఇళ్ళకు చేరిన పూట, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు నోటోలో 7.6 తీవ్రతతో భూమి కంపించింది. నేరుగా భూకంపానికే 200 మందికి పైగా చనిపోయారు. ఉత్తర తీరంలో కొన్ని చోట్ల నేల దాదాపు 4 మీటర్లు పైకి లేచి, పడవలు తేలాల్సిన రేవుల్లో సముద్రపు అడుగు బయటపడింది. వాజిమా పట్నంలో ఉదయపు సంత జరిగే వీధి కాలిపోయింది. లిస్బన్ లాగే పండుగ రోజు, లిస్బన్ లాగే నిప్పూ నీరూ కలిసి వచ్చాయి. ఆ వేసవిలో నోటోలో చాలా ఊళ్ళు జాతర మానుకున్నాయి. ఉషిత్సు జూలై 5, 6 తేదీల్లో అబారె మత్సురి జరిపింది. తాత్కాలిక గదుల్లో మనుషులు తలదాచుకుంటున్న చోట, నీళ్ళలో నిప్పులో నాశనాన్ని చూసినవాళ్ళ ముందు, మళ్ళీ నీళ్ళూ నిప్పూ విరగ్గొట్టడమూ ఏమిటని అడగడం న్యాయమే. చనిపోయినవాళ్ళ పట్ల ఇది మొరటుతనమని ఎవరికైనా అనిపిస్తే వాళ్ళను తప్పుపట్టలేను. ఆ ఏడు మానుకున్న ఊళ్ళు చేసింది తప్పూ కాదు. కానీ జరిపిన ఊరి పనిలో అర్థం ఉందని గట్టిగా అనగలను. జాతర ఉద్దేశం దేవుడికి కృతజ్ఞత చెప్పడం ఒక్కటే అయితే ఆ ఏడు చెప్పడానికి ఏమీ లేదు. రక్షణ కోరడమే అయితే కోరి మోసపోయారు. మంచి దేవుణ్ణి కొలిచే ఊరికి ఆ జూలైలో మిగిలేవి రెండే దారులు: చచ్చినవాళ్ళలో తప్పు వెతకడం, లేదా గుడి తలుపు మూసేయడం. ఉషిత్సు దేవుడు తాను మెత్తనివాణ్ణని మూడున్నర శతాబ్దాల్లో ఎన్నడూ చెప్పలేదు. అందుకే అతన్ని పిలవడానికి ఆ ఏడు కొత్తగా సంజాయిషీ అక్కర్లేకపోయింది. సముద్రం మీద కోపం ఉంటే ఆ సముద్రంలోకే పల్లకిని విసరవచ్చు. కోపం కూడా ఆ క్రతువులో ఒక భాగమే, దాన్ని దాచుకోనక్కర్లేదు. చేతులు కట్టుకుని స్తోత్రం చదవాల్సిన గుడిలో ఆ కోపానికి చోటు దొరికేది కాదు.

ఈ జాతరను నిజంగా కలవరపెట్టేది భూకంపం కన్నా నెమ్మదైనది. నోటో ముసలివాళ్ళ నేల అయిపోయింది. కుర్రవాళ్ళు కనజావాకో టోక్యోకో వెళ్ళిపోయారు. భూకంపం ఆ వలసను ఇంకా పెంచింది. కిరికో మొయ్యడానికి భుజాలు చాలక బయటివాళ్ళను పిలుచుకునే ఊళ్ళున్నాయి. దీని వల్ల జాతర నకిలీ అవుతోందని బాధపడేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ బాధ అర్థమవుతుంది, ఒప్పుకోలేను. ముక్కూముఖం తెలియని బాటసారిని కోతన్ పొమ్మన్నాడు, సోమిన్ కూర్చోబెట్టాడు. సంవత్సరాది పండుగకు రాకపోయినా జాతరకు వస్తామని నోటో పిల్లలు అంటుంటారు. అలా వచ్చినవాళ్ళు పుట్టింటికే యొబారె విందుకు అతిథులుగా కూర్చుంటున్నారు. వాళ్ళ పక్కన ఎప్పుడూ చూడని ముఖాలు కూర్చుంటున్నాయి. గోజు తెన్నో కూడా ఒకప్పుడు క్యోటో నుంచి ఇలాగే వచ్చాడు, ఆయన గుడి పేరు శ్రావస్తిలోని తోట నుంచి వచ్చింది. కనుక ఉషిత్సు ముందున్న ప్రశ్న, పల్లకి మోసే భుజాలు ఎక్కడివన్నది కాదు; వచ్చినవాళ్ళకు వండి పెట్టే ఇళ్ళు ఇంకా ఎన్ని మిగులుతాయన్నది.